ప్రయోజనం: పెళ్ళి

రావులకొల్లు నుంచి రాయసముద్రానికి పద్నాలుగు కిలోమీటర్లు. ఆ దారిలో తిరిగే ప్రభుత్వ బస్సును రెండేళ్ళ కిందట రద్దు చేశారు. సీట్లు అరవై శాతం నిండటం లేదన్నారు. వారానికి మూడు రోజులు బస్సే రాకపోతే సీట్లు ఎక్కడ నిండుతాయి? రాని రోజుల్లో కూడా సీట్లన్నీ ఖాళీ అని రాసుకున్నారు. అది మాత్రం ఎవరూ కాదనలేని నిజం.

బస్సు పోయింది గానీ రూటు మాత్రం ప్రభుత్వం పేరు మీదే ఉండిపోయింది. కాబట్టి ఇంకెవరి బస్సూ ఆ దారిలో మనుషుల్ని ఎక్కించుకుని టికెట్టు కొట్టకూడదు. ఆ గుంతల రోడ్డు మీదికి ఆటోవాళ్ళు దణ్ణం పెట్టినా రారు. ఊళ్ళోవాళ్ళు నడిచేవాళ్ళు నడిచారు, మానుకునేవాళ్ళు మానుకున్నారు. ఏడుకొండలు సైకిలు తొక్కాడు. అతను రాయసముద్రంలో మందుల షాపులో పనిచేస్తాడు, ముప్పై మూడేళ్ళు, పెళ్ళి కాలేదు. తొమ్మిదింటికల్లా షట్టరు ఎత్తకపోతే షావుకారు ఊరుకోడు. రెండేళ్ళపాటు సగం ఒళ్ళు చెమటతో, సగం ఒళ్ళు దుమ్ముతో షట్టరు ఎత్తాడు.

మాఘమాసంలో రావులకొల్లులోనే ఉండే మస్తాన్ వలి ఎక్కడినుంచో ఒక పాత బస్సు కొనుక్కొచ్చాడు. మొదటిరోజు పొద్దున ఏడున్నరకి ముప్పై ఎనిమిది మంది ఎక్కారు. బస్సు పదకొండు కిలోమీటర్లు బాగానే పోయింది. వాగు వంతెన దగ్గర ప్రయాణ పర్యవేక్షణ శాఖవారి గేటు అడ్డం పడింది.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న అధికారి పేరు పరాంకుశం. ఆయన నిప్పులాంటి మనిషి. ఎదుటివాడి ముఖం చూస్తే ఎక్కడ పక్షపాతం పుడుతుందోనని ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరి ముఖమూ చూడలేదు. కాగితమే చూస్తాడు.

"ప్రయోజనము?" అన్నాడు, కలం తీసి.

"అంటే ఏంది సార్?" అన్నాడు మస్తాన్ వలి.

"ఈ మార్గమున ప్రైవేటు వాహనము ఒకే బృందమును, ఒకే ప్రయోజనము నిమిత్తము మాత్రమే తీసుకొనిపోవచ్చును. సదరు బృందము యొక్క ప్రయోజనమేమి?"

"పనులకి పోతన్నారు సార్. ఈయన మందుల షాపులో చేస్తాడు. ఆ అమ్మాయి జాకెట్లు కుడతది. నాంచారమ్మ ఉల్లిపాయలు అమ్ముకుంటది. ఆ తాత ఆస్పత్రికి..."

"ఇవి ముప్పై ఎనిమిది ప్రయోజనములు. అదియునుగాక, పని అను ప్రయోజనము ఫారములో లేదు. మూడే కలవు. తీర్థయాత్ర, విహారయాత్ర, వివాహము. తీర్థయాత్రకు దేవస్థానపు లేఖ కావలెను. విహారయాత్రకు విహారస్థలము కావలెను."

రాయసముద్రంలో విహరించడానికి బస్టాండు వెనక మురుక్కాలవ తప్ప ఏమీ లేదు. మస్తాన్ వలి తల గోక్కుని వెనక్కి చూశాడు. మూడో సీట్లో ఏడుకొండలు తెల్లచొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పెళ్ళి సార్" అన్నాడు మస్తాన్ వలి. "ఆ తెల్లచొక్కా ఆయనే పెళ్ళికొడుకు."

ఏడుకొండలు నోరు తెరిచాడు. అప్పటికి టైము ఎనిమిదిన్నర దాటింది. నోరు మూసుకున్నాడు.

"సంతోషము" అన్నాడు పరాంకుశం, కాగితం మీదినుంచి తల ఎత్తకుండా. "రేపటినుండి వరుడు ముందు సీటున కూర్చొనవలెను. బాసికము ధరింపవలెను. శుభలేఖ ప్రతి ఒకటి జతపరచవలెను. గేటు ఎత్తుడు."

రేపటినుండి అన్న మాట ఆయన నోటినుంచే వచ్చింది. ఒక ఊరికి రోజూ పెళ్ళి ఉంటుందా అని ఆయనకు అనుమానం రాలేదు. ఏ రోజు కాగితం ఆ రోజుదే. నిన్నటి ఫైలుతో ఇవాళ్టి ఫైలును కలిపి చూడమని ఏ నిబంధనలోనూ లేదు.

రెండోరోజు పాల డెయిరీలో పనిచేసే శింగయ్య బాసికం కట్టుకున్నాడు. ఆ కబురు బస్సు కంటే ముందే ఊరు చేరింది. శింగయ్య పెళ్ళాం రెండు రోజులు అన్నం పెట్టలేదు. మూడోరోజు పెళ్ళైన మగాళ్ళందరూ ఒక్కమాట మీద వెనక సీట్లకి పోయారు. వయసులో ఉండి, పెళ్ళి కాక, రోజూ పోవాల్సిన పని ఉన్నవాడు ఆ బస్సులో ఒక్కడే. ఏడుకొండలు సైకిలు చైనుకి ఆముదం రాసి, గోనెపట్టా కప్పి, గోడకి ఆనించాడు. ముందు సీట్లో కూర్చున్నాడు.

రాయసముద్రంలో ప్రెస్సువాడు తేదీ ఖాళీగా వదిలి యాభై చొప్పున శుభలేఖలు అచ్చువేసి ఇచ్చేవాడు. గేటు దగ్గర ఏడుకొండలు తేదీ వేసి ఇచ్చేవాడు, పరాంకుశం సంతోషము అని ముద్ర వేసేవాడు. వారం రోజులు హాయిగా గడిచింది.

ఎనిమిదో రోజు సాయంత్రం, తిరుగు ప్రయాణంలో, పరాంకుశానికి ఒక లోపం కనబడింది.

"ఉదయము వరునితో పోయిన బృందము సాయంత్రము వరునితోనే వచ్చుచున్నది. వధువు ఎక్కడ?"

మస్తాన్ వలి ఇంజను ఆపేశాడు.

"వివాహము జరిగినదా, లేదా? జరగనిచో ప్రయోజనము నెరవేరలేదు. నెరవేరని ప్రయోజనమునకు తిరుగు ప్రయాణము అనుమతింపబడదు."

రాత్రికి ఊరు చేరాలంటే పెళ్ళికూతురు కావాలి. ఐదో వరసలో సులోచన లేచింది. జాకెట్లు కుట్టే అమ్మాయి అని మస్తాన్ వలి చెప్పింది ఈమె గురించే. తండ్రి లేడు, తల్లీ తానూ. మనిషి కాస్త పెళుసు.

"నేను కూచుంటాలే" అంది ముందుకొచ్చి. "కొంగుముడులూ గింగుముడులూ ఏమీ లేవు చెప్తన్నా. పక్కన కూచుంటా, అంతే. జరుగు."

ఏడుకొండలు జరిగాడు. పరాంకుశం కాగితం మీద వంగి రాసుకుంటూ ఆగాడు. ముఖాలు చూడడు గానీ చెవులు మూసుకోలేడు గదా.

"అత్తవారింటికి పోవు వధువు ఏడ్చుట ఆచారము. ఏడుపు వినబడుట లేదు."

"నేనెందుకు ఏడవాల?" అంది సులోచన మెల్లగా.

వెనక నుంచి ఉల్లిపాయల నాంచారమ్మ శోకం అందుకుంది. ఆ రోజు బుట్ట బుట్టంతా అమ్ముడుపోలేదు, ఏడవటానికి ఆమెకు వేరే కారణం అక్కరలేదు. పెళ్ళికూతురి తల్లి అని రాసుకుని పరాంకుశం గేటు ఎత్తాడు. ఆనాటి నుంచి అమ్మకం బాగున్న రోజున కూడా వంతెన రాగానే నాంచారమ్మ ఏడ్చేది. బాగున్న రోజున ఇంకా బాగా ఏడ్చేది.

అట్లా మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, ఎండలు ముదిరాయి. పొద్దున పెళ్ళికొడుకు, సాయంత్రం దంపతులు. ఏడుకొండలు, సులోచన ఆ ముందు సీట్లో రోజుకు ముప్పావుగంట పక్కపక్కన కూర్చున్నారు. మొదట్లో మధ్యన ఆమె సంచి ఉండేది. కొన్నాళ్ళకి సంచి ఒళ్ళోకి మారింది. ఆమె చేతులు మిషను చక్రం తిప్పీ తిప్పీ నొప్పెడతన్నాయంటే అతను షాపులోంచి పూతమందు తెచ్చిచ్చాడు. అతని చొక్కా గుండీ ఊడితే ఆమె బస్సు కుదుపుల్లోనే కుట్టింది. ఆమె ఏ మాట అన్నా అతను ఊ కొట్టేవాడు. అతను మాట్లాడితే మాత్రం ఆమె "నీకేం తెలుసు, ఊరుకో" అనేది. చూసేవాళ్ళకి నిజంగానే పెళ్ళైనట్టు ఉండేది.

ఆషాఢం వచ్చింది.

"ఆషాఢమున వివాహములు లేవు" అన్నాడు పరాంకుశం మొదటిరోజునే.

నాంచారమ్మే అడ్డం పడింది. "కొత్త పెళ్ళికూతుర్ని ఆషాఢానికి పుట్టింటికి తీసకపోతన్నాం నాయనా. పెళ్ళిలో భాగమేగా అదీ."

పరాంకుశం నిబంధనల పుస్తకం తిరగేశాడు. వివాహ సంబంధిత తదనంతర ప్రయాణములు అని ఒక పద్దు దొరికింది. ముఖం చూపించడు గానీ, సంతోషించాడని గొంతును బట్టి తెలిసింది.

"అనుమతించడమైనది. అయితే జాబితాలో వరుడు కూడ ఉన్నాడు. ఆషాఢమాసమున అల్లుడు అత్తవారి గడప తొక్కరాదు. వరుడు దిగవలెను."

"సార్, నేను షాపుకి..." అన్నాడు ఏడుకొండలు.

"ఆచారవిరుద్ధమైన ప్రయాణమునకు శాఖ బాధ్యత వహింపజాలదు."

ఏడుకొండలు దిగాడు. ఆనాడు మూడు కిలోమీటర్లు నడిచి షాపు చేరాడు. మర్నాడు గోనెపట్టా తీసి సైకిలు తొక్కాడు. సగం దారిలో బస్సు అతన్ని దాటిపోయింది. ముందు సీట్లో సులోచన ఒక్కతే కూర్చుని ఉంది. కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది.

నెల్లాళ్ళు అట్లాగే జరిగింది. రోజూ ఆ బస్సు దాటిపోయే క్షణం కోసం అతను ఇంట్లోంచి తొందరగా బయల్దేరేవాడు. రెండేళ్ళు ఒంటరిగా తొక్కిన దారే అది. అప్పుడు కాళ్ళు మాత్రమే నొప్పి పెట్టేవి. ఇప్పుడు ఎక్కడ నొప్పో చెప్పుకోవటానికి కూడా సిగ్గేసింది. ఆ పిల్ల లేకపోతే నా బతుకు బతుకు కాదు అని ఒకరోజు గాలికి ఎదురు తొక్కుతూ పైకే అన్నాడు. విన్నవాళ్ళు లేరు.

శ్రావణం మొదటిరోజు సాయంత్రం బస్సెక్కి ఆమె పక్కన కూర్చుని, "మనం నిజంగా చేసుకుంటే ఎట్టా ఉంటది?" అని అడిగాడు.

"ఇన్నాళ్ళు పట్టిందా అడగటానికి?" అంది సులోచన. "మా అమ్మని అడుగు."

ఆ తల్లి దగ్గర వచ్చింది చిక్కు. "నూట పద్దెనిమిదిసార్లు బాసికం కట్టినోడికి నా కూతుర్ని ఎట్టా ఇచ్చేది?" అంది. కూతురే పెళ్ళికూతురుగా కూర్చుందని గుర్తుచేస్తే, "అందుకే ఇంకోడు చేసుకోడని నా దిగులు" అంది. చివరికి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. రాయసముద్రం రామాలయంలో మొక్కు ఉంది, పెళ్ళి అక్కడే. శ్రావణంలో ఆఖరి ముహూర్తం, పొద్దున తొమ్మిదీ నలభై రెండు. తర్వాత మూఢం, మళ్ళీ నాలుగు నెలలదాకా మంచిరోజు లేదు. "ఈ ముహూర్తం తప్పిందా, మా అన్న తెచ్చిన సంబంధానికే మాటిచ్చేస్తా. పెళ్ళికొడుకు బాజాతో బస్సులో దిగాల. సైకిలేసుకుని వస్తే వెనక్కి పంపిస్తా."

ఇక్కడ ఇట్లా ఉండగా, అక్కడ రాజధానిలో ఆరునెలల కాగితాలన్నీ మొదటిసారి ఒకచోట చేరాయి. ఒక పెద్ద అధికారి వాటిని కూడి, గుణించి, కుర్చీలోంచి లేచాడు. మూడువందల గడప లేని రావులకొల్లులో ఆరు నెలల్లో నూట ఇరవై దాకా పెళ్ళిళ్ళు. దేశంలోనే ఇంతటి వివాహ సాంద్రత లేదు. అంత గిరాకీ ఉన్న రూటును ప్రైవేటువాడికి వదిలిపెట్టడం ప్రభుత్వానికి తగదని నివేదిక రాశాడు. నిధులు విడుదలయ్యాయి. కల్యాణ ప్రగతి అని సర్వీసు పుట్టింది.

కొత్త బస్సు కొనడానికి టెండరు రెండేళ్ళు పడుతుంది కనుక మస్తాన్ వలి బస్సునే ప్రభుత్వం అద్దెకు తీసుకుంది. పసుపు రంగు వేసింది. హారను తీసేసి సన్నాయి మోగే హారను పెట్టింది. డ్రైవరు మస్తాన్ వలే. ప్రారంభించడానికి ఆ పెద్ద అధికారే వచ్చి, ప్రతి గ్రామీణ వరుని ముంగిటికీ ప్రభుత్వము నడిచి వచ్చినదని ఉపన్యసించాడు.

పెంచలయ్య లేచి నిలబడ్డాడు. మస్తాన్ వలి మొదటిరోజు ఆస్పత్రికి అని చూపించిన తాత ఇతనే. డెబ్బై ఒక్కేళ్ళు, పెళ్ళాం రత్తమ్మ పోయి పదకొండేళ్ళు. "అయ్యా, మామూలు బస్సు ఒకటి వెయ్యరాదా? మాతరలు తెచ్చుకోవాల" అన్నాడు.

అధికారి చిరునవ్వు నవ్వాడు. "పెద్దాయనా, ప్రభుత్వము గణాంకములను బట్టి నడుచును. ఈ మార్గమున పెళ్ళికి గాక మరొక పనికి ప్రయాణించినవారి సంఖ్య మా రికార్డుల ప్రకారము సున్న."

సున్న అంకె అక్కడే బస్సు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టింది.

ప్రభుత్వ సర్వీసు కాబట్టి కంప్యూటరు వచ్చింది. పరాంకుశం బల్ల మీద దాన్ని పెట్టారు. పాత జాబితాలన్నీ అందులోకి ఎక్కించారు. పెళ్ళివాళ్ళకిచ్చే టికెట్టు రాయితీ దుర్వినియోగం కాకుండా ఒక వ్యక్తికి ఒకే వివాహము అని నిబంధన పెట్టారు. దాంతో రోజుకొక కొత్త పెళ్ళికొడుకు, కొత్త పెళ్ళికూతురు కావలసివచ్చారు. ఇక పెళ్ళాల కోపతాపాలు చూసుకునే రోజులు పోయాయి. శింగయ్య మాఘమాసంలోనే అయిపోయాడు గనక మిగతావాళ్ళు వంతులు వేసుకున్నారు. మంగలి, పోస్టుమాను, మస్తాన్ వలి తమ్ముడు, బడిపంతులు, ఒక్కొక్కడే ఖర్చయిపోయాడు. శ్రావణం నాలుగోవారానికి ఆ బస్సెక్కే మగవాళ్ళలో వాడనివాడు పెంచలయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన్ని ఎన్నిసార్లు అడిగినా వల్ల కాదన్నాడు. "మా రత్తమ్మ పోయినాక నేను బాసికం ముట్టుకోను. ఆటకైనా ముట్టుకోను" అన్నాడు. ఆస్పత్రి తేదీ వస్తే వెనక సీట్లో కూర్చుని పోయి వచ్చేవాడు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. సులోచన, తల్లి ముందురోజే రాయసముద్రంలో మేనమామ ఇంటికి పోయారు. మర్నాడు బస్సు సన్నాయి మోగించుకుంటూ వాగు వంతెన దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ యాభై. ముందు సీట్లో ఏడుకొండలు. అసలైన పట్టుపంచె, అసలైన గంధం, అసలైన బాసికం. నిజం పెళ్ళికి నిబంధన అడ్డురాదని ఊరంతా అనుకుంది.

పరాంకుశం అతని పేరు కంప్యూటరులో కొట్టాడు. చాలాసేపు తెర వంక చూశాడు.

"ఈ వరునికి లోగడ నూట పద్దెనిమిది వివాహములు జరిగినవి."

"సార్, అవి ఉత్త పెళ్ళిళ్ళు. ఇది నిజంది" అన్నాడు ఏడుకొండలు.

"అవి శాఖ ముద్ర పడిన వివాహములు. దీనికే ఇంకను ముద్ర పడలేదు. ఏది నిజమో మీరే చెప్పుడు."

ఏడుకొండలు శుభలేఖ చూపించాడు. దాని మీద తేదీ కూడా అచ్చువేసే ఉందన్నాడు. పరాంకుశం శుభలేఖ చదివి, వధువు పేరు కూడా కొట్టాడు.

"ఈమెకు కూడ నూటికి పైగా జరిగినవి. అన్నియు మీతోనే. అనగా మీరిద్దరూ ఇదివరకే దంపతులు. ఇది వివాహము కాదు, సంసారము. సంసారమునకు ఈ బస్సు వర్తింపదు." కొంచెం మెత్తబడి, "విడాకుల పత్రములు నూట పద్దెనిమిది దాఖలు చేసినచో, నూట పంతొమ్మిదవ దానికి మినహాయింపు కోరుతూ పైకి రాయగలను" అన్నాడు.

"ఎన్నాళ్ళు పడతది సార్?"

"మినహాయింపులు మార్చిలో చూచెదరు."

తొమ్మిదీ ఐదయింది. ఏడుకొండలు బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. సైకిలు మీద పోతే ఆ తల్లి వెనక్కి పంపుతుంది. నడిచి పోయినా అంతే. అక్కడ ఆ పిల్ల గుమ్మంలో నిలబడి సన్నాయి కోసం చెవులు రిక్కించి ఉంటుంది. బాసికం విప్పి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు బాసికం మీద పడుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. నాంచారమ్మ ఈసారి నిజంగానే ఏడ్చింది.

వెనక సీట్లోంచి పెంచలయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. అతని చేతిలోంచి బాసికం తీసుకున్నాడు.

"కట్టరా మస్తానూ" అన్నాడు నుదురు చూపించి.

"తాతా, నువ్వు..."

"కట్టమంటన్నా. టయిము పోతంది."

పరాంకుశం ముసలాయన పేరు కొట్టాడు. "పూర్వ వివాహములు లేవు. గరిష్ఠ వయోపరిమితి నిబంధనలో లేదు. వధువు పేరు?"

పెంచలయ్య నుదుటి మీది బాసికాన్ని వేలితో తడిమాడు.

"రత్తమ్మ" అన్నాడు.

కంప్యూటరు ఆ పేరును వెతికింది. ఎక్కడా దొరకలేదు.

"అర్హత కలదు" అన్నాడు పరాంకుశం. ప్రభుత్వం తరఫున ఒక కొబ్బరికాయ, శుభాకాంక్షల పత్రం పెంచలయ్య చేతిలో పెట్టాడు. ఏడుకొండలు పట్టుపంచె మీద మస్తాన్ వలి చొక్కా తొడుక్కుని, పెళ్ళికొడుకు తరఫు బంధువు అన్న హోదాలో ఆఖరి సీట్లో కూర్చున్నాడు. జాబితా సరిపోయింది. గేటు లేచింది.

గుడి ముందు బస్సు ఆగేసరికి తొమ్మిదీ ముప్పై ఎనిమిది. ముందుగా బాసికంతో పెంచలయ్య దిగేసరికి సులోచన తల్లి గోడ పట్టుకుంది. ముసలాయన గబగబా బాసికం విప్పి, ఆఖరున దిగిన ఏడుకొండలు నుదుటికి తనే కట్టాడు.

"తీసుకో అబ్బాయ్. కాసేపు పెట్టుకున్నాను. ఏమీ అనుకోదులే మా రత్తమ్మ."

పూజారి తొందరపెడుతుంటే మూడు ముళ్ళూ పడ్డాయి. రెండో ముడి దగ్గర సులోచనకి ఏడుపు వచ్చింది. ఎవరూ ఏడవమని అడగలేదు.

మర్నాడు బస్సెక్కేవాళ్ళలో ఖర్చవని పెళ్ళికొడుకు లేడు. సన్నాయి హారను మోగలేదు. గిరాకీ తగ్గినందున కల్యాణ ప్రగతి సర్వీసును తాత్కాలికంగా నిలిపివేసినట్టు పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. ఏడుకొండలు సైకిలు బయటికి తీశాడు. సులోచన పసుపుతాడు కొంగు కింద సర్దుకుని వెనక క్యారేజీ మీద కూర్చుంది. తొమ్మిదింటికి అతను షట్టరు ఎత్తాలి, ఆమె మిషను ఎక్కాలి.

వాగు వంతెన దగ్గర గేటు దించి ఉంది. బస్సులు లేకపోయినా రిజిస్టరు నిండాలి గనక పరాంకుశం సైకిళ్ళను రాసుకుంటున్నాడు.

"ఇద్దరు ప్రయాణికులు, ఒకే వాహనము" అన్నాడు తల ఎత్తకుండా. "ప్రయోజనము?"

"పనికి పోతన్నాం సార్" అన్నాడు ఏడుకొండలు.

"ఆ ప్రయోజనము ఫారములో లేదని అనేక పర్యాయములు చెప్పడమైనది."

ఏడుకొండలు ఒక కాలు నేలకి ఆనించి నిలబడిపోయాడు. వెనకనుంచి సులోచన అంది, "పెళ్ళిచూపులకి సార్."

పరాంకుశం పుస్తకం తిరగేశాడు. కలం ఆడిన చప్పుడైంది. "వివాహమునకు పూర్వదశ. అనుమతించడమైనది." గేటు తాడు పట్టుకుని, ఎన్నడూ లేనిది, ఆయన గొంతులో ఒక బతిమాలే ధోరణి వచ్చింది.

"చూడుడు. మీ ఊరిలో పెళ్ళికొడుకులు లేక సర్వీసు ఆగిపోయినది. త్వరగా కుదుర్చుకొనుడు. ఊరి బస్సు మీమీదనే ఆధారపడి ఉన్నది."

"అట్టాగే సార్" అంది సులోచన.

గేటు లేచింది. ఏడుకొండలు తొక్కాడు. ఇంకా మూడు కిలోమీటర్లు ఉంది, టైము ఎనిమిదీ నలభై.